ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సున్నం: ముప్ఫై ఒక్క బస్తాల తరవాత నా మాట

ముందే చెప్పేస్తాను, పాత గోడల పూత కోసం కొన్న ఈ సున్నానికి ఐదుకు నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటి సున్నానికి కాదు. బస్తా మీద అచ్చేసిన అరకొర సూచనలకి, సంచికి, సున్నం నాకు అమ్మిన పెద్దమనిషికి.

నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఇరవై రెండేళ్లుగా కాల్షియం కార్బొనేట్, కాల్షియం ఆక్సైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్ అంటూ బోర్డు మీద బాణాలు గీస్తున్నాను. ఆ బాణాల్లో ఒక్కదాన్నైనా చేత్తో పట్టుకుని చూసింది నిరుడే, మేం పాత ఇల్లు కొన్నాక.

ఇంటికి నూరేళ్లు దాటాయి. చవగ్గా వచ్చింది. ఎందుకంత చవగ్గా వచ్చిందో గడప దాటగానే ముక్కుకి తెలిసిపోయింది, చెమ్మ వాసన. ఇటుక గోడలు అడుగున్నర మందం. లోపల నేల నుంచి నడుము ఎత్తు దాకా సిమెంట్ ప్లాస్టరింగ్. అంతకుముందున్నవాళ్లు చెమ్మ ఆగుతుందని చేయించారట. చెమ్మ ఆగలేదు సరికదా, ప్లాస్టరింగ్ ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ గీత పైన కొత్తగా మొదలైంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే.

మా ఆయన ఓ మూల ఉలి పెట్టి మెల్లగా తడితే చాప వెడల్పు పలక ఒకటి అట్టలా ఊడి వచ్చింది. దాని వెనక్కి తిప్పి చూస్తే ఇటుకల ముఖాలు కూడా దానికే అంటుకుని ఉన్నాయి. గోడలో మిగిలిన ఇటుకని వేలితో గీకితే తడి ఎర్రపొడి గోటి కిందికి పోయింది. ఇటుకల మధ్య పాత సున్నం మాత్రం అలాగే ఉంది. అక్కడక్కడా బియ్యపు గింజంత తెల్లటి సున్నపు బెడ్డలు కూడా కనబడ్డాయి. అప్పటి మేస్త్రీలు కలిపేటప్పుడు పూర్తిగా నలగకుండా మిగిలిపోయినవి.

ఈ పాత గోడల కింద నీటిని ఆపే పొర ఏదీ ఉండదు. నేలలోంచి కాస్త తడి ఎక్కుతూనే ఉంటుంది. ఇటుకల మధ్య మెత్తటి సున్నం ఆ తడిని బయటికి వదిలేస్తూ ఉంటుంది. ఎక్కినంతా ఆరిపోతుంది కాబట్టి గోడకి బాధ లేదు. దాని మీద సిమెంట్ పూసి దారి మూసేస్తే తడి ఇంకాస్త పైకి దారి వెతుక్కుంటుంది. దాంతో పాటు వచ్చిన ఉప్పు ప్లాస్టరింగ్ వెనకే గట్టిపడి, ఇటుకని లోపలి నుంచి పొడి చేస్తుంది. సిమెంట్ చెడ్డదని కాదు. అది అంత గట్టిగా ఉండటమే ఇక్కడ సమస్య. ఇంట్లో ఏదో ఒకటి పాడవక తప్పదంటే పాడవాల్సింది పూత గానీ ఇటుక కాదు కదా.

అయితే ఒక్క బస్తా కూడా కొనక ముందు మేం చేసింది గట్టర్లు బాగు చేయించడం. కప్పు మీది నీళ్లు దిగే గొట్టం ఒకటి సగంలో విరిగి, ఏళ్ల తరబడి గోడ మీదే కారుతోంది. బయట నేల కూడా లోపలి నేల కంటే జానెడు ఎత్తుకి చేరింది. ఆ మట్టి తవ్వి తీయించాం. సగం చెమ్మ అక్కడే పోయింది. ఇది సున్నం రివ్యూలో ఎందుకంటే, ఈ బస్తా కొని గట్టర్ వదిలేసినవాళ్లు తరవాత సున్నాన్ని తిట్టుకుంటారు. సున్నం తడిని బయటికి పంపుతుంది. పైనుంచి ధారగా పోస్తుంటే అది మాత్రం ఏం చేస్తుంది.

ఇక బస్తా సంగతి. ఎన్‌హెచ్‌ఎల్ అంటే నేచురల్ హైడ్రాలిక్ లైమ్, సహజంగా నీటితో గట్టిపడే సున్నం. మామూలు సున్నం స్వచ్ఛమైన సున్నపురాయి నుంచి వస్తుంది. దాన్ని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది, 100 కిలోల రాయికి 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే భగ్గున వేడెక్కి తడి సున్నం అవుతుంది. గోడ మీద అది మళ్లీ గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా రాయవుతుంది. బంకమట్టి కలిసిన సున్నపురాయిని కాలిస్తే కథ ఇంకోలా ఉంటుంది. మట్టిలోని సిలికా బట్టీలోనే కొంత సున్నంతో కలుస్తుంది. ఆ భాగం గాలితో పని లేకుండా నీటితోనే గట్టిపడుతుంది, మిగతాది మాత్రం గాలి కోసం ఎదురుచూస్తుంది. చెమ్మ గోడకి ఇది కావాలి. ఎందుకంటే ఎప్పుడూ తడిగా ఉండే చోట మామూలు సున్నం గట్టిపడటానికే నానా తంటాలు పడుతుంది.

ఈ విషయం మొదట శ్రద్ధగా పరీక్షించి చూసినవాళ్లలో ఇంగ్లిష్ ఇంజనీరు జాన్ స్మీటన్ ఒకడు. 1756లో ఇంగ్లండ్ దగ్గర సముద్రంలోని ఎడ్డిస్టోన్ రాతి మీద దీపస్తంభం కట్టే పని అతనికొచ్చింది. అలల మధ్య గట్టిపడే సున్నం కోసం రకరకాల సున్నపురాళ్లు తెప్పించి చూశాడు. మట్టి కలిసిన రాయే నీళ్లలో గట్టిపడుతుందని తేల్చాడు. 1759లో దీపం వెలిగింది. నూరేళ్లు దాటాక ఆ స్తంభాన్ని మార్చాల్సి వచ్చినా కారణం కట్టడం కాదు, దాని కిందనున్న రాతిని సముద్రం కోసేయడం. పై భాగాన్ని విప్పి తీసుకెళ్లి ప్లిమత్ తీరాన మళ్లీ నిలబెట్టారు, మొండెం ఇప్పటికీ సముద్రంలోనే ఉంది. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ తీసుకున్నాక ఈ సున్నాన్ని జనం మెల్లగా మరిచిపోయారు. మా ఇల్లు కట్టినవాళ్లు ఇంకా మరిచిపోనివాళ్లు.

ఈ సున్నం 2, 3.5, 5 అని మూడు రకాలు. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 459-1 ప్రకారం ఆ అంకె 28 రోజులకి రావాల్సిన కనీస బలం, ఒత్తిడిని కొలిచే మెగాపాస్కల్స్‌లో. 3.5 అని రాసిన బస్తాకి 3.5 నుంచి 10 దాకా రావచ్చు, 5 అని రాసినదానికి 5 నుంచి 15 దాకా. అంటే ఒకచోట తయారైన 3.5, ఇంకోచోట తయారైన 5 కంటే గట్టిగా ఉండొచ్చు. పోలికకి, మామూలుగా వాడే సిమెంట్‌లో ఒక రకానికి ఈ అంకె 42.5. ఎందుకు ఇటుకలు పగిలాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

అమ్మిన పెద్దమనిషి మాత్రం "3.5 కంటే 5 గట్టిది కదా మేడమ్, కాస్తే కదా తేడా, అదే వేసుకోండి" అన్నాడు. గట్టిది వద్దనే కదండీ నేను వచ్చింది అంటే వింతగా చూశాడు. 5 ఎండావానల్లో నిలబడే పొగగొట్టాలకి, పునాదులకి. లోపలి మెత్తటి ఇటుకకి 3.5 చాలు, చాలా మెత్తగా ఉంటే 2.

అసలు గొడవ ఇది కాదు. మొదటి విడతలో వచ్చిన ఆరు బస్తాల మీద "హెచ్‌ఎల్ 3.5" అని ఉంది. ముందు "ఎన్" లేదు. ఫోన్ చేస్తే "ఒక్క అక్షరమే కదా మేడమ్" అన్నాడు. ఆ ఒక్క అక్షరమే ముఖ్యం. ఎన్ ఉంటే బట్టీలోంచి వచ్చిన సున్నం అదే, ఇంకేమీ కలపలేదని అర్థం. వట్టి హెచ్‌ఎల్‌లో సిమెంట్, బూడిద, స్లాగ్ (ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం) లాంటివి కలిపి ఉండొచ్చు. ఎఫ్‌ఎల్ అని ఇంకో రకం ఉంది, అందులో ఏం కలిపారో బస్తా మీద చెప్పాలి. సిమెంట్ తీసేయడానికి నెల రోజులు ఉలి పట్టుకుని, మళ్లీ సున్నం పేరుతో సిమెంట్ పూస్తామా? బస్తాలు వెనక్కి తీసుకోవడానికి రెండు వారాలు పట్టింది. అతను ఫోన్ ఎత్తేవాడు కాదు, ఎత్తితే లారీ లేదనేవాడు. ఆ టెన్షన్‌తో నేను క్లాసులో కూడా సున్నం గురించే మాట్లాడుతున్నానని పిల్లలు నవ్వుకున్నారట.

సరైన బస్తాలు వచ్చాక మొదటి ఆశ్చర్యం సైజు. 25 కిలోల సున్నం బస్తా, 50 కిలోల సిమెంట్ బస్తా పక్కపక్కన పెడితే దాదాపు ఒకే లావు. సున్నం అంత తేలిక. అందుకే బరువు లెక్కన కలుపుతున్నారో, కొలత లెక్కన కలుపుతున్నారో ముందే తేల్చుకోవాలి. బస్తా మీద "1 : 2.5" అని రాసి వదిలేశారు, కొలతా బరువా చెప్పలేదు. మేం బకెట్లతో కొలిచాం.

ఇసుక దగ్గర నేను చాలా సమయం పెట్టాను, పెట్టి మంచిపని చేశాను. ఇసుక రేణువుల మధ్య ఖాళీలుంటాయి. సున్నం పని ఆ ఖాళీలన్నీ నింపి రేణువులని అంటించడం. ఖాళీ ఎంతుందో కొలవడం చాలా తేలిక. లీటరు జాడీలో ఎండిన ఇసుక నింపి, తట్టి, పైదాకా నీళ్లు పోయాలి. ఎన్ని నీళ్లు పట్టాయో అంత ఖాళీ. మాకు మొదట తెచ్చిన ఇసుక నున్నగా, రేణువులన్నీ ఒకే సైజులో అందంగా ఉంది. 410 మిల్లీలీటర్ల నీళ్లు తాగింది. రెండో రకం గరుగ్గా, చిన్నా పెద్దా కలిసి, చేత్తో నలిపితే కరకరమనేది. 340 పట్టింది. పెద్ద రేణువుల మధ్య చిన్నవి దూరి సర్దుకుంటాయి కాబట్టి ఖాళీ తగ్గుతుంది. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక అనే పాత లెక్క ఇలా పుట్టిందే. మంచి ఇసుకలో దాదాపు మూడో వంతు ఖాళీ. అందంగా ఉన్న ఇసుక వాడి ఉంటే ఎక్కువ సున్నం, ఎక్కువ నీళ్లు పట్టేవి. నీళ్లు ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుని బీటలు వేస్తుంది. ఒక జాడీ, ఒక కొలగ్లాసు ఉంటే సరిపోయే ఈ పరీక్ష గురించి బస్తా మీద ఒక్క ముక్క లేదు.

మా మేస్త్రీ గారికి అరవై దాటాయి. చేతిలో తాపీ ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆయన మొత్తం సర్వీసు సిమెంట్‌తోనే గడిచింది. మొదటి రోజే మొహం చిట్లించాడు.

"ఇది పట్టు లేదు మేడమ్. జారుతోంది. ఓ డబ్బాడు సిమెంట్ వేసుకుందాం."

"వద్దు మేస్త్రీ గారూ."

"కొంచెమే. మీకు కనబడదు కూడా."

నాకు కనబడింది. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి తొట్టిలో మాలు ఉదయం ఉన్న లేత గోధుమ రంగు వదిలి బూడిద రంగుకి తిరిగింది. ఏం వేశారని అడిగితే కూలీ అబ్బాయి నేల చూశాడు, మేస్త్రీ గారు కప్పు చూశారు. అరిచి లాభం లేదు. కూర్చోబెట్టి చెప్పాను. సిమెంట్ గంటల్లో బిగుసుకుంటుంది, సున్నం నెలల తరబడి గాలి పీల్చుకుంటూ గట్టిపడుతుంది. కొంచెం సిమెంట్ చాలు దారులు మూసేయడానికి. లోపలి సున్నం పచ్చిగానే ఉండిపోతుంది. అటు సిమెంట్ బలమూ రాదు, ఇటు సున్నం గుణమూ మిగలదు. ఆయనకి నా మాట కంటే, ఊడిన పలక వెనక అంటుకున్న ఇటుక ముఖం చూపించడం బాగా పనిచేసింది. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇలాంటివి ఎన్ని చేశానో" అన్నాడు. ఆ తొట్టెడు మాలు పారబోశాం.

నిజానికి ఆయన చెప్పిన జారుడు అబద్ధం కాదు. గోడ తడపకపోతే పాత ఇటుక మాలులోని నీళ్లన్నీ ఒక్క గుక్కలో లాగేస్తుంది, మాలు అంటుకోక జారుతుంది. ముందు రోజు సాయంత్రం ఒకసారి, పూత వేసే ముందు ఒకసారి గోడ తడిపితే ఆ సమస్య పోయింది. నీళ్లు మెరవకూడదు, గోడ తాగేసి రంగు ముదిరి ఉండాలి.

రెండో పొరపాటు మా ఇంట్లోవాళ్లది. మొదటి గోడకి పూత వేసి, తడి గోనె పట్టాలు వేలాడదీసి పడుకున్నాం. గది ఉక్కగా ఉందని రాత్రి మా ఆయన పట్టాలు పక్కకి జరిపి ఫ్యాన్ వేశారు, త్వరగా ఆరుతుందని. తెల్లారేసరికి గోడ ఎండిన చెరువు అడుగులా ఉంది. మేస్త్రీ గారు నీళ్లు చల్లి చెక్కతో అదిమి రుద్దితే సగం బీటలు పూడాయి. మిగతా సగం గీకేశాం. రెండు బస్తాలు పోయాయి. ఈ సున్నం "ఆరడం" మీకు వద్దు, "గట్టిపడటం" కావాలి. రెండూ ఒకటి కాదు, నిజానికి ఒకదానికొకటి పడవు. రోజూ రెండు మూడు సార్లు సన్నగా నీళ్లు చల్లుతూ, ఎండ, గాలి తగలకుండా పట్టాలు కప్పుతూ వారమైనా ఉంచాలి. బస్తా మీద దీనికి కేటాయించింది ఒక్క లైను, "తగిన క్యూరింగ్ చేయండి". తగిన అంటే ఎంత? పోయిన స్టార్‌లో సగం ఈ లైనుకే.

మిగతా సగం అమ్మినాయనకి, ఈ సంచికి. కాగితం సంచి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర. అది రెండు బస్తాల్లో చిరిగి, మూలలు రాయై వచ్చాయి. నీటితో గట్టిపడే సున్నానికి గాల్లోని తేమ కూడా చాలు. తయారీ తేదీ అడిగి కొనండి, చెక్క బల్ల మీద పెట్టండి, తెరిచిన బస్తా ఆ వారమే వాడేయండి.

పూత ఎలా వేశామో క్లుప్తంగా చెప్తాను. ఒక్కో పొర పది మిల్లీమీటర్లకి మించకుండా రెండు పొరలు. మొదటిదానిపై అడ్డదిడ్డంగా గీతలు గీసి, వేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడ్డాక రెండోది. అలా బస్తాకి 45 చదరపు అడుగులు వచ్చింది. అమ్మినాయన 80 అన్నాడు. అతని గోడలు అద్దంలా ఉంటాయేమో, మా గోడల్లో గుంటలు పూడ్చడానికే బోలెడు పోయింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. గోడ లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. ల్యాబ్‌లో టైట్రేషన్‌కి వాడే ఫినాల్ఫ్తలీన్ సీసా ఇంటికి తెచ్చాను, క్షారం తగిలితే గులాబీ రంగుకి తిరిగే ద్రవం అది. పూత వేసిన మూడు వారాలకి, తలుపు వెనక ఎవరికీ కనబడని చోట ఉలితో చిన్న పెళ్ల లేపి, విరిగిన అంచు మీద రెండు చుక్కలు వేశాను. అంచంతా ముదురు గులాబీ రంగు. పైన మాత్రం దారమంత సన్నటి గీత రంగు లేకుండా మిగిలింది. రంగు తేలిన చోట సున్నం ఇంకా సున్నంగానే ఉంది. రంగు రాని ఆ దారమంత మేర గాలి పీల్చుకుని మళ్లీ రాయైంది. మా ఆయన్ని పిలిచి చూపిస్తే "ఇంతేనా?" అన్నారు. నాకైతే ఇరవై రెండేళ్లు బోర్డు మీద గీసిన బాణం అక్కడ నిజంగా కనబడింది. ఆరు నెలలకి ఆ పక్కనే ఇంకో పెళ్ల లేపాను. రంగు లేని గీత ఈసారి స్కేలు మీద ఐదు మిల్లీమీటర్లు దాటింది. అంటే నెలకి అటూ ఇటుగా ఒక మిల్లీమీటరు. రెండు పొరలూ పూర్తిగా మారడానికి ఇంకా ఏడాది పైనే పడుతుంది. అంతవరకు దాని మీద ప్లాస్టిక్ పెయింట్ వేయకూడదు. వేస్తే చేసిందంతా బూడిదలో పోసినట్టే.

జాగ్రత్త గురించి తమాషా లేకుండా చెప్తాను. తడి సున్నం పీహెచ్ 12.4 దగ్గర ఉంటుంది, అంటే చర్మాన్ని దెబ్బతీసేంత ఘాటైన క్షారం. మొదటి వారం గ్లవ్స్ వేసుకోక నా బొటనవేలు చీలి, మానడానికి పది రోజులు పట్టింది. ఓసారి కూలీ అబ్బాయి కంట్లో మాలు చిట్లింది. రుద్దబోతుంటే చేతులు పట్టుకుని, శుభ్రమైన నీళ్లు ఇరవై నిమిషాలు ఆపకుండా పోసి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. చూపుకేమీ కాలేదు. ఆ మర్నాటి నుంచి కళ్లద్దాలు లేకుండా ఎవరినీ తొట్టి దగ్గరికి రానివ్వలేదు. పాత ఇంట్లో పాత రంగులు గీకేటప్పుడూ ఇదే మాట. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించిందే 1978లో. పొడిగా రుద్ది దుమ్ము లేపకండి, ముందు పరీక్ష చేయించండి.

చివరి సన్నటి పొరకి మాత్రం ఈ బస్తా వాడలేదు. డబ్బాలో వచ్చే తడి సున్నం మూడు డబ్బాలు తెప్పించాను. వెన్నలా ఉంటుంది. పైన రెండు వేళ్ల నీళ్లుంటే ఎన్నేళ్లయినా పాడవదు, మాగేకొద్దీ ఇంకా నునుపు తేలుతుంది. మూడేళ్ల కంటే తక్కువ మాగిన సున్నం కాంట్రాక్టర్లు వాడకూడదని రోమ్‌లో పాత నియమం ఉండేదని ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈ డబ్బా మూత తీసినప్పుడు మేస్త్రీ గారి మొహం మారింది. వేలితో కాస్త తీసి రెండు వేళ్ల మధ్య పాముకుని, "మా నాన్న గుంటలో తడిపి మట్టి కప్పి ఉంచేవాడు మేడమ్. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు" అన్నాడు. ఆ తరవాత సిమెంట్ మాట ఎత్తలేదు. గోడ మీద ఆయన చెయ్యి ఆడిన తీరు కూడా మారిందనిపించింది, నా భ్రమ కావచ్చు.

అదే సున్నాన్ని పాలంత పల్చగా కలిపి ఐదు సార్లు కొట్టాం. కొట్టేటప్పుడు ఏమీ కనబడదు, నీళ్లు పూసినట్టుంటుంది. మొదటి రోజు మా ఆయన డబ్బులు వేస్ట్ అని గొణిగారు. తెల్లారి చూస్తే గోడ తెల్లబడి ఉంది. ఒకేసారి మందంగా కొడితే పొడిలా రాలుతుంది, చేతికి అంటుతుంది. ఓపిక లేనివాళ్లు ఈ దశలోనే చెడగొట్టుకుంటారు.

ఫలితం? చెమ్మ వాసన రెండో నెలకి పోయింది. గోడల రీడింగ్ కోసం రెండు సూదులుండే తేమ మీటర్ కొన్నాను గానీ దాన్ని పెద్దగా నమ్మకండి. అది కలప కోసం తయారైంది, గోడలో ఉప్పుంటే తడి లేకపోయినా తడి అని చూపిస్తుంది. అదే గోడ మీద అదే చోట నెలకోసారి చూసి తగ్గుతోందా పెరుగుతోందా అనుకోవడానికి పనికొస్తుంది. మాకు మూడు గోడల్లో తగ్గింది. విరిగిన గొట్టం ఉన్న మూల మాత్రం ఇప్పటికీ తెల్లటి ఉప్పు పొంగుతోంది. ఏళ్ల తరబడి చేరిన ఉప్పు ఒక్క ఏడాదిలో పోదు. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ లోపలికే పోతుంది కాబట్టి పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేస్తున్నాను. ఆ మూల పూత రెండేళ్లలో గీకి మళ్లీ వేయాల్సి రావచ్చు. ఫర్వాలేదు, ఇటుక బాగుంది.

డబ్బు సంగతి కూడా దాచను. ఈ బస్తా సిమెంట్ బస్తా కంటే రెట్టింపు పైనే పడింది. కూలీ రోజులు ఇంకా ఎక్కువ. మేం దాన్ని వేరేచోట సర్దుకున్నాం. కిటికీలు మార్చలేదు. చూసినవాళ్లందరూ ముందు కిటికీలు పీకేయమన్నారు. కింది చెక్క మాత్రమే కుళ్లింది, ఆ అడుగు ముక్క కోసి అదే జాతి కలప అతికించాడు వడ్రంగి. 1877లో ఇంగ్లండ్‌లో విలియం మోరిస్ అనే కవి, డిజైనర్, ఆయన స్నేహితులు పాత కట్టడాల కోసం పెట్టిన సంఘం అప్పటి నుంచీ చెప్తున్నది ఇదే, కొత్తగా చేయకండి, మరమ్మతు చేయండి అని. వాళ్లు గొప్ప చర్చిల గురించి అన్నారు. మాకు మాత్రం డబ్బులు లేక అదే దారైంది.

ఎవరికి వద్దంటే, కొత్త సిమెంట్ ఇటుకల గోడ ఉన్నవాళ్లకి దీంతో పని లేదు. నెలలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లు కొనొద్దు. పాత సిమెంట్ పూత తీయకుండా దాని మీదే పూద్దామనుకునేవాళ్లు అసలే కొనొద్దు, రెండూ దండగ. మేస్త్రీని కూర్చోబెట్టి మాట్లాడే ఓపిక లేనివాళ్లు కూడా ఆలోచించుకోండి.

మాకు వెనక గది ఇంకా మిగిలే ఉంది. తొమ్మిది బస్తాలకి ఆర్డర్ పెట్టాను, ఇంకో కొట్లో. ఈసారి బస్తాలు లారీలోంచి దించక ముందే ఎక్కి, ఒక్కోదాని మీద "ఎన్" ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెడతానని ఫోన్‌లోనే చెప్పాను. సరే మేడమ్ అన్నాడు. తయారీ తేదీ ఫొటో కూడా పంపాడు.